చూసినందుకు డబ్బులా?

క్లయింటు సర్వరు వారానికోసారి పది నిమిషాలు మొరాయిస్తుంది. మనం ఏం చేస్తాం? "రూట్ కాజ్ అనాలిసిస్" అని ఒక పేరు పెట్టి, నలుగురం మూడు వారాలు లాగులు ముందేసుకుని కూర్చుంటాం. గంటకింత అని బిల్లు వేస్తాం. చివరికి దొరికేది కాన్ఫిగ్ ఫైల్లో ఒక లైను. ఆ లైనుకి డబ్బులిచ్చాం అని క్లయింటు ఏడవడు, మనకీ సిగ్గనిపించదు. అదే మనం శనివారం ఊరెళ్ళి, మెకానిక్కు రెండు గంటలు బండి కింద దూరి "ఇదీ సంగతి" అని చెప్పి ఐదొందలు అడిగితే మాత్రం, "ఏం మార్చకుండానే ఐదొందలా? చూసినందుకు డబ్బులా?" అంటాం.

నేనూ అన్నాను లెండి. అలా అన్న పాపానికి ముప్ఫై ఒక్క వేలు కట్టాను. అందుకే ఈ గోల.

నా దగ్గర ఒక 2003 పాలియో ఉంది, 1.6 జీటీఎక్స్. 2001లో ఆ కారు మన దేశంలోకి వచ్చినప్పుడు సచిన్ టెండూల్కర్ దాని ప్రకటనల్లో కనిపించేవాడు. నూరు హార్స్ పవర్ ఇంజను. ఇప్పటి పిల్లలకి అదేం స్పోర్ట్స్ కారు అనిపించొచ్చుగానీ, స్కూలుకి వెళ్ళే రోజుల్లో తెనాలి బోసు రోడ్డులో అది కనిపిస్తే వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక బాపట్లలో ఒకాయన అమ్ముతున్నాడని తెలిసి కొన్నాను. ఏపీ 07 నెంబరు, రెండో ఓనరుని.

జబ్బేమిటంటే, నలభై నిమిషాలు నడిపాక పికప్ పడిపోయేది. యాక్సిలరేటర్ మొత్తం తొక్కినా ఎవరో వెనక నుంచి పట్టుకు లాగుతున్నట్టు యాభై దాటేది కాదు. పక్కకి ఆపి పావుగంట ఊరుకుంటే మళ్ళీ గుర్రం. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే అసలు ఏ రోగమూ లేనట్టు నవ్వుతూ నిలబడేది. తెనాలి నుంచి రేపల్లె వెళ్తుంటే సరిగ్గా భట్టిప్రోలు దాటేసరికి మొదలెట్టేది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని చూడ్డానికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నేను మాత్రం బండి చల్లారేదాకా కాలక్షేపానికి మూడుసార్లు చూశాను.

నవ్వులాట అక్కడితో ఆగిపోయేదే. కానీ ఒక ఆదివారం రేపల్లె నుంచి బాపట్ల వెళ్తూ, 216 హైవే మీద వరిగడ్డి ట్రాక్టరుని దాటబోయాను. సగం దాటాక పికప్ పోయింది. ఎదురుగా బస్సు. పక్కన అమ్మ. ట్రాక్టరాయన పుణ్యాత్ముడు, బ్రేకు కొట్టి దారి ఇచ్చాడు. అమ్మ ఆ తర్వాత బాపట్ల దాకా ఒక్క మాట మాట్లాడలేదు. తిరుగు ప్రయాణం రైలెక్కింది.

అప్పటికి ఏమేం మార్పించానో వినండి. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, కాయిల్, ఫ్యూయల్ ఫిల్టర్, థ్రాటిల్ సెన్సరు, ఆఖరికి ఫ్యూయల్ పంపు. పంపు మార్చాక రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. అందరికీ పార్టీ ఇచ్చాను కూడా. మూడో వారం మళ్ళీ భట్టిప్రోలు స్తూపం.

ఇక మన సాఫ్ట్‌వేర్ మిత్రుల సలహాలు. ఒకడు బ్లూటూత్ స్కానరు కొనమన్నాడు. కొన్నాను, కనెక్టే కాలేదు. ఈ స్కానర్ల పద్ధతి మన దేశంలో తప్పనిసరిగా రావడం మొదలైందే 2010లో, పూర్తి స్థాయిలో 2013లో. 2003 బండికి తగిలిస్తే ఏం పలుకుతుంది? ఇంకొకడు "ఇదంతా ఈ20 మహిమ" అని తేల్చేశాడు. నిజమే, పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపితే మైలేజీ కొంత పడుతుంది, పాత రబ్బరు పైపులకీ మంచిది కాదు. కానీ బాబూ, ఇథనాల్ వాచీ చూసుకుని నలభయ్యో నిమిషానికి పనిచెయ్యదు కదా! టాంకులో ఉన్నది మొదటి నిమిషంలోనూ అదే, నలభయ్యో నిమిషంలోనూ అదే. ఈ మాత్రం తర్కం మనం ఆఫీసులో వాడమా?

కనిపించి మాయమయ్యే బగ్గులకి హైజెన్‌బగ్ అనే పేరుని జిమ్ గ్రే 1985లోనే తన పేపర్లో వాడాడు. పట్టుకుందామని చూస్తే దాక్కునేవి అవి. అలాంటి దానికి ప్రొడక్షన్‌లో ఒక్కో మాడ్యూలూ మార్చి చూద్దాం అని ఎవడైనా అంటే మీటింగులోంచి బయటికి పంపిస్తాం. బండి విషయంలో మాత్రం మనమే డబ్బిచ్చి ఆ పని చేయిస్తాం.

చివరికి పట్టుకున్నది తెనాలి చెంచుపేట వైపు చిన్న షెడ్డు పెట్టుకున్న ఒక మేస్త్రి. ఆయన మొదట అడిగింది పార్టుల గురించి కాదు. "పికప్ టక్కున పోద్దా, జారిపోయినట్టు పోద్దా తమ్ముడూ?" జారిపోయినట్టే అన్నా అన్నాను. "కరెంటు పోతే టక్కున పోద్ది. పెట్రోలు చాలకపోతే ఇట్టా జారిద్ది." అంతే, ఒక్క ప్రశ్నతో సగం అనుమానాలు కొట్టేశాడు. (వంద శాతం సూత్రం కాదనుకోండి, కానీ ఎక్కడ మొదలెట్టాలో తెలుస్తుంది.)

పెట్రోలు లైనుకి ప్రెషర్ గేజీ కట్టి, దాన్ని బానెట్ సందులోంచి తీసి అద్దం మీద వైపరు కింద బిగించాడు. ఇది మనం ఇంటి దగ్గర చేసే పని కాదు, పెట్రోలుతో ఆటలొద్దు. ఏసీ వేసుకుని వేమూరు రోడ్డెక్కాం. మొదట మూడు బార్ పైనే ఉన్న ముల్లు, నలభై నిమిషాలకి ఒకటిన్నరకి జారింది. పంపు కొత్తది, ఫిల్టరు కొత్తది. అయితే పంపుకి తిండి ఉందా? మల్టీమీటరు పెట్టాడు. పంపు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య దాదాపు సున్నా ఉండాలి. రెండు వోల్టుల పైన ఉంది!

వెనక సీటు కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు తుప్పు పట్టిపోయింది. పాత ఓనరుది బాపట్ల కదా, సూర్యలంకలో మునిగి తడిబట్టలతో ఆ సీట్లో కూర్చున్నవాళ్ళందరి ఉప్పూ అక్కడికే దిగిందని నా అనుమానం. రెండు వోల్టులు, ఐదు ఆంపియర్లు వేసుకోండి, పది వాట్ల వేడి ఒక్క బోల్టు దగ్గర. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది, పంపు నీరసిస్తుంది. పావుగంట ఆపితే చల్లారుతుంది. పంపు మార్చినప్పుడు రెండు వారాలు ఎందుకు బాగుందో కూడా అప్పుడర్థమైంది. సీటు లేపి వైర్లు అటూ ఇటూ లాగినప్పుడు తుప్పు కాస్త కదిలింది, అంతే. నేను పార్టీ ఇచ్చింది దానికి.

గరుకు కాగితంతో గీకి, కొత్త బోల్టు వేసి, వాజలీన్ రాశాడు. సామాను ఖర్చు ఇరవై రూపాయలు. పట్టిన సమయం దాదాపు మూడు గంటలు. ఎంత అన్నా అంటే, మొహమాటంగా "రెండొందలివ్వు తమ్ముడూ" అన్నాడు. ముందు నన్ను ముంచినవాళ్ళు ఒక్కొక్కరూ పార్టు మీద మార్జిను, పైన లేబరు తీసుకున్నారు.

మెకానిక్కులంతా మోసగాళ్ళు అనే మిత్రులారా, మీరే చెప్పండి. ఆలోచించినవాడికి రెండొందలు, ఆలోచించకుండా పంపు మార్చినవాడికి వేలు ఇచ్చేది మనమే అయినప్పుడు, షెడ్డులో కుర్రాడు ఏది నేర్చుకుంటాడు? "చిన్న ఊళ్ళల్లో వీళ్ళకేం తెలుసు" అని మీరనే ఆ మేస్త్రి దగ్గర గేజీ ఉంది, మీటరు ఉంది, బుర్ర ఉంది. లేనిదల్లా గంటకింత అని అడిగే ధైర్యం. అడిగితే మనం ఊరుకోం కదా మరి.

పదిహేనొందలు ఇచ్చాను. తీసుకోడానికి సిగ్గుపడ్డాడు, బలవంతాన జేబులో పెట్టాను.

పోయిన నెల బాపట్లలో నాతో చదువుకున్నవాడు ఫోన్ చేశాడు. వాడి పాత కారుకీ ఇదే వరస. ఈయన దగ్గరికి పంపుతూ, చూడ్డానికే వెయ్యి ఇవ్వరా అని ముందే చెప్పాను. "ఏం మార్చకుండా వెయ్యా?" అన్నాడు. గుంటూరు వెళ్ళి పంపు మార్పించుకున్నాడు. ప్రస్తుతానికి బాగానే ఉందట, ఇవాళ్టికి తొమ్మిదో రోజు.