మూత తీసి చూడకముందే పంపు విప్పినం

పోయిన యాసంగిల నాట్ల టైముకు నా ట్రాక్టర్ రెండు దినాలు ఎందుకు నిలవడ్డదని చాలామంది అడిగిండ్రు. అప్పుడు సిగ్గుకు చెప్పలే. ఇప్పుడు చెప్తున్న. చదివి నవ్వుకున్నా సరే, మీ పైసలు మిగిలితే చాలు.

కేజ్ వీల్స్ ఎక్కించి మడి కలుపుతున్న. ఓ అరగంట మంచిగ నడిచింది. తర్వాత గుంజుడు తగ్గి, గుడగుడమని ఆగిపోయింది. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయింది. మళ్ల అరగంటకు అదే కత. మెకానిక్‌ను పిలిచిన. "డీజిల్ అందుతలేదే" అన్నడు. ఆ మాట నిజమే, అది గుర్తు పెట్టుకోండ్రి. ఫిల్టర్లు మార్చిండు, ఎయిర్ తీసిండు. గట్టు మీద ఐదు నిమిషాలు నడిపి చూసినం, మంచిగుంది. మడిలకు దించితే మళ్ల ఆగింది. ఫీడ్ పంపు మార్చినం. మళ్ల ఆగింది. ఇగ డీజిల్ పంపే పోయింది కావచ్చని పంపు, నోజిళ్లు విప్పి కరీంనగర్ పట్టుకపోయి చేపిచ్చుకొచ్చినం. అన్నీ కలిపి 14,000 దాటింది. మడిల నీళ్లున్నయి, నారు ముదురుతంది, కూలోళ్లకు రోజు చెప్పి ఉన్న. పక్కూరి బండి కిరాయికి తెచ్చి కలిపిచ్చిన, ఆ పైసలు వేరే.

మూడో దినం మా ఊర్లె ఒకప్పుడు లారీ నడిపిన పెద్దమనిషి ఒకాయన గట్టు పొంటి పోతూ ఆగిండు. పానా అడగలే, పార్టు పేరు చెప్పలే. "ఎంతసేపటికి ఆగుతంది బిడ్డా? ట్యాంకు నిండుగున్నప్పుడు తొందరగ ఆగుతందా, సగమున్నప్పుడా?" అన్నడు. నిండుగున్నప్పుడే తొందరగ ఆగుతందని నాకప్పుడు యాదికొచ్చింది. అప్పటిదాక ఎవ్వరూ అడగలే, నేనూ చెప్పలే. "నడుపు, గుంజుడు తగ్గంగనే చెయ్యి లేపు" అన్నడు. చెయ్యి లేపిన. వచ్చి డీజిల్ ట్యాంకు మూత వదులు చేసిండు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది. ఇంజన్ ఆగకుండనే మళ్ల అందుకున్నది.

మూతకు గాలి పీల్చే సన్న రంధ్రం ఉంటది. అది బురదతోని మూసుకపోయింది. లోపల డీజిల్ తగ్గినకొద్దీ ఆ జాగల గాలి నిండాలె. నిండకపోతే ట్యాంకుల గుంజుడు పుడతది, ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. కొద్దిసేపు ఆపితే ఎక్కడో సందుల నుంచి గాలి చేరి మళ్ల నడుస్తది. ట్యాంకు నిండుగుంటే లోపల గాలి జాగ తక్కువ, అందుకే తొందరగ ఆగుతది. సన్నతీగతోని పొడిచి, డీజిల్‌ల కడిగి పెట్టినం. ఆ సీజనంత మళ్ల ఆగలే.

మెకానిక్‌ను తిట్టుటానికి రాస్తలే. ఆయన పట్టుకున్న దారి కరెక్టే. డీజిల్ అందుతలేదు, అది పక్కా. కానీ ట్యాంకు నుంచి నోజిల్ దాక ఎక్కడ ఆగుతందో చూడకుండ మధ్యల ఒక్కొక్క పార్టు మార్చుకుంట పోయినం. వరుసగ ట్యాంకు కాడ మొదలువెడితే మొదటి వస్తువే మూత. ఇంకో తప్పు ఏందంటే, పార్టు మార్చినంక గట్టు మీద లోడు లేకుండ ఐదు నిమిషాలు నడిపి "అయిపోయింది" అనుకున్నం. అరగంటకు, లోడు మీద వచ్చే రోగం ఐదు నిమిషాలకు ఎట్ల బయటపడతది?

ఇప్పుడు అసలు మాట. ఈ తప్పుల సగం మనదే. మెకానిక్ వచ్చి గంటసేపు చూసి, మూత కడిగి, "500 ఇయ్యన్నా" అంటే మనం ఇస్తమా? "ఏం జేసినవని 500?" అంటం. అదే పంపు మారిస్తే వేలకు వేలు మారుమాట్లాడకుండ ఇస్తం. ఎందుకంటే చేతికి ఒక డబ్బా, ఒక బిల్లు వచ్చింది. చూసిన దానికి పైసలియ్యం, మార్చిన దానికే ఇస్తం. అట్లయితే ఆయన చూస్తడా, మారుస్తడా? నేనైతే ఇప్పుడు ముందే చెప్తున్న: "చూసినందుకు ఇంత ఇస్తా, ఏం మార్చకపోయినా ఇస్తా, కానీ ఏది పోయిందో చూపెట్టినంకనే విప్పు."

మనం చెప్పుడు కూడ అట్లనే ఉంటది. ఫోన్ జేసి "బండి నడుస్తలేదు, జల్ది రా" అంటం. చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? లోడు మీదనా, ఖాళీగనా? పొగ ఏ రంగు? నల్ల పొగ అయితే గాలి తక్కువో, డీజిల్ ఎక్కువో, లేకపోతే బండికి మించిన లోడో. ముందుగాల ఎయిర్ క్లీనర్ చూడాలె, వరికోతలప్పుడు పొట్టుతోని నిండుతది. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతంది. తెల్ల పొగ పొద్దున చలిల కొంచెం వస్తే ఫికర్ లేదు, వేడెక్కినంక కూడ ఆగకపోతేనే చూపియ్యాలె. ఇవి చెప్పినా మెకానిక్‌కు సగం పని తప్పుతది.

సెల్ఫ్ తిరుగుతలేదంటే మన దిక్కు మొదటి మాట "బ్యాటరీ వొయ్యింది". కొత్త బ్యాటరీ వేస్తరు, వారానికి మళ్ల అదే. అప్పుడు సెల్ఫ్ మోటర్ విప్పుతరు. నాలుగైదు వందలు పెడితే మీటర్ వస్తది. బండి ఆపి రాత్రంత పెట్టినంక బ్యాటరీ మీద 12.6 వోల్టుల దాక ఉండాలె. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్న కిందికి పడొద్దు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే డైనమా చార్జింగ్ చేస్తున్నట్టు. ఇవన్నీ మంచిగుండి కూడ సెల్ఫ్ బరువుగ తిరిగితే, మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజన్ బాడీ మీద పెట్టి సెల్ఫ్ కొట్టండ్రి. అర వోల్టు కన్న ఎక్కువ చూపిస్తే రోగం ఎర్త్ వైరుల ఉన్నది. విప్పి, తుప్పు గీకి బిగిస్తే ఖర్చు లేదు.

పత్తి పెట్టే ఆదిలాబాద్ దిక్కు అన్నలకు ఇది కొత్త కాదు. ఆకు ఎర్రబడంగనే దుకాణంకు పోయి మూడు మందులు కలిపి కొట్టుడు చూస్తనే ఉన్నం. ఆకు తిప్పి చూస్తే పచ్చదోమ ఉన్నదో లేదో కనపడతది. దోమ లేకుండ ఈనెలు పచ్చగ, మధ్య జాగ ఎర్రగ ఉంటే అది మెగ్నీషియం లోపం కావచ్చు, లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కొడితే పోయేదానికి పురుగుమందు ఎందుకు? బండికి చేసేదీ గదే పని.

"కొత్త బండ్లల కంప్యూటరే చెప్తది కదా" అంటరు. 2023 జనవరి 1 నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ 4 నిబంధన వచ్చింది. వాటిల సెన్సార్లు, కంప్యూటర్ ఉంటయి, మిషన్ పెడితే కోడ్ చూపిస్తది. కానీ కోడ్ "ప్రెషర్ తక్కువున్నది" అని చెప్తది, "పంపు మార్చు" అని చెప్పది. ఫిల్టర్ జామైనా, పైపుల గాలి పట్టినా, షెడ్డుల ఎలుక సెన్సార్ వైరు కొరికినా అటువంటి కోడే రావచ్చు. ఒక జాగ్రత్త. ఈ బండ్లల ఇంజన్ నడుస్తుంటే నోజిల్ పైపులు పాత బండి లెక్క వదులు చెయ్యకుండ్రి. లోపల ప్రెషర్ వెయ్యి బార్ దాటి ఉంటది. మన వెనుక టైరుల గాలి ఒక బార్ అటూ ఇటూ. ఆ డీజిల్ చేతికి తగిలితే తోలు దూరి లోపలికి పోతది.

ఇవన్నీ నేర్పెటోళ్లు లేరా అంటే ఉన్నరు. అనంతపురం జిల్లా గార్లదిన్నెల కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ ఇస్తది. మన ఊర్ల నుంచి అంత దూరం ఎంతమంది పోతరు? రైతువేదికల్ల విత్తనం మీద, ఎరువు మీద మీటింగులు పెడుతున్నరు. సీజన్‌కు ముందు ఒక్క రోజు ఐటీఐ డీజిల్ మెకానిక్ సారును పిలిచి మన బండ్ల మీదనే చూపిస్తే ఏం పోతది? మా ఏఈఓ మేడంను అడిగిన, చూద్దామన్నది. మీ ఊర్ల మీరు కూడ అడగుండ్రి, పది మంది అడిగితే కదులుతది.

అప్పటిదాక పొద్దున బండి ఎక్కేముందు ట్యాంకు మూత తిప్పి వెలుగుకు పెట్టి చూడుండ్రి. కొన్ని మూతలకు రంధ్రం పైకి కనపడది, లోపలి దిక్కు ఉంటది. నోటితోని ఊదితే గాలి పోవాలె. పోకపోతే డీజిల్‌ల నానబెట్టండ్రి, ఎంఆర్ఎఫ్ సంచి గుడ్డ కట్టి మాత్రం బిగియ్యకుండ్రి, మా తమ్ముడు అదే చేసి మళ్ల ఆపుకున్నడు.