ముడతలు మాపే సూది: మందు ఒకటి, పెత్తనాలు పలు

కోల్‌కతా: ముఖంపై ముడతలను మాయం చేసే సూదిమందు ఒకప్పుడు సినీతారలకు, సంపన్న వర్గాలకు పరిమితమైన ముచ్చట. ఇప్పుడది మహానగరాల పొలిమేరలు దాటి చిన్న పట్టణాల వైపు సాగుతున్నది. మందు ప్రయాణించినంత వేగంగా దానిపై నిఘా ప్రయాణించకపోవడమే ఆందోళన కలిగిస్తున్న అంశం.

ఉదాహరణకు హుగ్లీ నది తూర్పు గట్టున, దక్షిణ 24 పరగణాల జిల్లాలో ఉన్న బడ్జ్ బడ్జ్ పట్టణాన్నే తీసుకుందాం. 1897లో స్వామి వివేకానంద విదేశాల నుంచి తిరిగివచ్చి రైలెక్కినది ఇక్కడే. 1914లో కొమగాట మారు నౌక నుంచి దిగిన పంజాబీ ప్రయాణికులపై కాల్పులు జరిగినదీ ఇక్కడే. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరతరాలుగా తెలుగు కార్మికులు వలస వెళ్లిన జనపనార మిల్లుల వరుసలో ఈ ఊరు ఒకటి. చరిత్ర మాట అలా ఉంచితే, ఈ ఊరి గృహిణి ఒకరు నుదుటి ముడతలకు సూది వేయించుకోదలచారనుకుందాం. ఆమె సియాల్దా లోకల్ ఎక్కి కోల్‌కతాలోని చర్మవైద్యుని వద్దకు పోవచ్చు. లేదా చౌకగా చేస్తామన్న ఏ సౌందర్య కేంద్రంలోనో కూర్చోవచ్చు. రెండవ చోట సూది వికటిస్తే ఆమె ఏ కార్యాలయం మెట్లెక్కాలన్నదే ప్రశ్న.

ఈ మందు పుట్టుక విచిత్రమైనది. నిలవ ఉంచిన మాంసంలో పెరిగే ఒక సూక్ష్మజీవి విడుదల చేసే విషమే దీనికి మూలం. 19వ శతాబ్ది తొలినాళ్లలో జర్మన్ వైద్యుడు జస్టినస్ కెర్నర్ మాంసపు వంటకాలు తిని పక్షవాతం బారిన పడినవారి లక్షణాలను వివరంగా నమోదు చేశాడు. 1895లో బెల్జియంలో ఒక అంత్యక్రియల విందులో పంది మాంసం తిన్నవారు జబ్బుపడగా, ఎమిలీ వాన్ ఎర్మెంగెమ్ ఆ సూక్ష్మజీవిని వేరుచేయగలిగాడు. నరం నుంచి కండరానికి ఆజ్ఞను మోసుకుపోయే రసాయనం విడుదల కాకుండా ఈ విషం అడ్డుకుంటుంది. ఫలితంగా కండరం సడలిపోతుంది. శ్వాసకు తోడ్పడే కండరాలు సడలితే ప్రాణాపాయం తప్పదు. అదే విషాన్ని అతి స్వల్ప పరిమాణంలో ఒకే కండరానికి పరిమితం చేస్తే చికిత్స అవుతుంది.

మెల్లకన్నును సరిచేయడానికి శాన్ ఫ్రాన్సిస్కో నేత్రవైద్యుడు అలాన్ స్కాట్ దీనిని ఉపయోగించగా, మెల్లకన్నుకు, కనురెప్పలు అదుపు లేకుండా మూసుకుపోయే జబ్బుకు 1989 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆ తరువాత అలెర్గాన్ కంపెనీ దీనిని చేజిక్కించుకుని బొటాక్స్ అని పేరు పెట్టింది. కనురెప్పల జబ్బుకు సూది వేయించుకున్నవారి కనుబొమల మధ్య గీతలు కూడా మాయమవుతున్నాయని కెనడాలోని వాంకూవర్‌కు చెందిన కారుథర్స్ దంపతులు గమనించి 1992లో ప్రచురించారు. ముడతల చికిత్సకు అమెరికా లాంఛనంగా అనుమతి ఇచ్చినది మాత్రం 2002 ఏప్రిల్‌లోనే. 2020లో అలెర్గాన్‌ను ఆబ్‌వీ అనే మరో మందుల కంపెనీ సుమారు 6,300 కోట్ల డాలర్ల ఒప్పందంపై కొనుగోలు చేసింది. నుదుటి గీతల విలువ ఎంతో వాణిజ్య ప్రపంచానికి అప్పటికే అర్థమైనదన్నమాట. మెడ వంకర తిరగడం, మెదడు లోపంతో పిల్లల కాళ్లు బిగుసుకుపోవడం, దీర్ఘకాలిక పార్శ్వపు నొప్పి వంటి రుగ్మతలకు కూడా ఇదే మందు వాడుతున్నారు గనుక దీనిని కేవలం షోకుల సరుకుగా కొట్టిపారేయడానికి వీలులేదు.

కాగా, ప్రమాదానికి బీజం మందులో కంటే సీసా లెక్కలో ఉన్నది. వంద యూనిట్ల బొటాక్స్ సీసాలో ఉండే విష పదార్థం ఒక గ్రామును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో అయిదు భాగాలకు మించదు. అది కంటికి కనిపించదు. అందులో సెలైన్ కలిపిన తరువాతనే మందు సిద్ధమవుతుంది. కనుబొమల మధ్య గీతలకు అయిదు చోట్ల నాలుగేసి చొప్పున మొత్తం 20 యూనిట్లు వేయాలన్నది ఆమోదిత మోతాదు. అంటే ఒక సీసాలో అయిదుగురికి సరిపోయే మందు ఉన్నది. కానీ సీసా ఒకే రోగికి ఉద్దేశించినదనీ, కలిపిన 24 గంటలలోగా వాడివేయాలనీ తయారీదారు సూచనలు చెబుతున్నాయి. సీసా ఖరీదు వేల రూపాయలు. ఒక్కరికి వేసి మిగతా 80 యూనిట్లను పారబోయడానికి ఏ వ్యాపారికి మనసొప్పుతుంది? అందరినీ ఒకే రోజు రప్పించి పంచిపెట్టే పద్ధతి ఈ లెక్క నుంచే పుట్టింది. సెలైన్ కాస్త ఎక్కువ కలిపితే అయిదుగురి మందు పదిమందికి వస్తుంది. పలచబడిన మందు నెల తిరగకుండానే పనిచేయడం మానితే, ‘మీ కండరాలు బలమైనవి’ అని సర్దిచెప్పవచ్చు. కొన్నవారికి తూకం వేసి చూసుకునే అవకాశం లేని సరుకు ఇది.

పైగా ఒక కంపెనీ యూనిట్టు, మరొక కంపెనీ యూనిట్టు ఒకటి కావు. బొటాక్స్ 20 యూనిట్లు వేసే చోటనే డిస్‌పోర్ట్ అనే మందును 50 యూనిట్లు వేయవలసి ఉంటుంది. ‘యూనిట్టుకు ఇంత’ అని ధరల పట్టిక చూసి చౌక బేరమనుకునేవారు ఈ తేడాను గమనించరు. సీసాను 2 నుంచి 8 డిగ్రీల చలిలో భద్రపరచవలసి ఉండడం మరొక చిక్కు. టోకు వర్తకుని గిడ్డంగి నుంచి బడ్జ్ బడ్జ్ వంటి ఊరికి చేరేలోగా ఆ చలి ఎక్కడ తెగిపోయినదో సూది వేయించుకునేవారికి తెలిసే మార్గం లేదు. సూది ప్రభావం మూడు నాలుగు నెలలకు మించి నిలవదు గనుక గిరాకీ ఏటా మూడుసార్లు తిరిగి వస్తుంది. వ్యాపారంగా దీనికి ఉన్న ఆకర్షణ అదే.

విదేశాలలో జరిగిన ఘటనలు ఈ లెక్కల పర్యవసానాన్ని చూపుతున్నాయి. 2004 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడాలో మనుషులకు వాడరాని, పరిశోధనశాలలకు ఉద్దేశించిన విషాన్ని సూదిగా వేయడంతో నలుగురు పక్షవాతానికి గురై కృత్రిమ శ్వాసపై ఆసుపత్రి పాలయ్యారు. సూది వేసిన వైద్యుడు కూడా ఆ నలుగురిలో ఒకడు కావడం గమనార్హం. 2024లో అదే దేశంలో 11 రాష్ట్రాలలో 22 మంది నకిలీ లేదా సక్రమంగా వేయని సూదుల వల్ల అస్వస్థులయ్యారు. వారిలో సగం మందిని ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. 2025 జూన్, జూలైలలో ఇంగ్లాండులో ఇటువంటివే 38 కేసులు నమోదయ్యాయి. 18 ఏళ్లలోపువారికి అందం కోసం ఈ సూది వేయరాదని ఇంగ్లాండు 2021లోనే చట్టం అమలుచేసింది. అయినా పెద్దలకు ఎవరు వేయాలన్న విషయంలో లైసెన్సు విధానం అక్కడ కూడా ఆలస్యమైంది. విరుగుడు మందు లేకపోలేదు గానీ, అది వీధి మందుల షాపులో దొరికేది కాదు. ఇప్పటికే సడలిన కండరాన్ని అది వెంటనే లేపలేదు కూడా.

మన దేశంలో చట్టాలు లేవనడం సరికాదు. అవి ఎక్కువే ఉన్నాయి. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద ఇది ఔషధమే తప్ప పౌడరు, స్నోల వంటి సౌందర్య సాధనం కాదు. నకిలీ మందు వల్ల మరణం గానీ, తీవ్ర గాయం గానీ సంభవిస్తే పదేళ్లకు తగ్గకుండా యావజ్జీవం వరకు శిక్ష విధించవచ్చునని 2008 నాటి సవరణ చెబుతున్నది. అసలు మందునే అర్హత లేనివారు వేస్తే వర్తించేది వేరొక చట్టం. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అందుకు ఏడాది వరకు జైలు లేదా అయిదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మందు సంగతి చూసేది ఔషధ నియంత్రణ శాఖ. డాక్టరు సంగతి చూసేది వైద్య మండలి. భవనం సంగతి చూసేది వేరొక సంస్థ. పశ్చిమ బెంగాల్‌లో 2017లో చేసిన చట్టం కింద వైద్య సంస్థలపై ఫిర్యాదులు వినడానికి ఒక కమిషన్ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం ఉన్నది. తెలంగాణ కేంద్ర చట్టాన్ని స్వీకరించింది. అయితే ఇవన్నీ ఆసుపత్రులను, క్లినిక్‌లను ఉద్దేశించినవి. తాను క్లినిక్‌నని చెప్పుకోని పార్లరు తలుపు తట్టవలసినది ఎవరో ఫిర్యాదు వచ్చేవరకు తేలదు.

పన్నుల విధానం ఈ అయోమయాన్ని మరికాస్త పెంచింది. వైద్య సేవలకు జి.ఎస్.టి. మినహాయింపు ఉన్నది గానీ, పుట్టుకతో వచ్చిన లోపాన్నో, గాయాన్నో సరిచేయడానికి కాక అందం కోసమే చేసే శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు వర్తించదు. దానిపై 18 శాతం పన్ను. మరోవైపు పార్లర్లు, సెలూన్ల సేవలపై పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 18 నుంచి 5 శాతానికి తగ్గించారు. మంగలి దుకాణానికి ఊరట కలిగించిన ఈ నిర్ణయాన్ని తప్పుపట్టనవసరం లేదు. కానీ సూదిని ‘సౌందర్య సేవ’ అని బిల్లులో రాసుకునేవారికి ఇది అదనపు ప్రోత్సాహం కాగలదు. ఇంతకూ సూది వేయడం శస్త్రచికిత్స కిందికి వస్తుందో రాదో మినహాయింపు ఉత్తర్వులో విడిగా ప్రస్తావించలేదు.

ఎవరు వేయాలన్న తగవు వైద్యుల మధ్య కూడా ఉన్నది. చర్మవైద్యులు, ప్లాస్టిక్ సర్జన్లు ఒకవైపు, ముఖ శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన దంతవైద్యులు మరొకవైపు పట్టుబట్టి కూర్చున్నారు. వారాంతపు శిక్షణ శిబిరానికో, యూట్యూబ్ పాఠాలకో హాజరై చికిత్సలు మొదలుపెట్టడం చెల్లదని 2022లో జాతీయ వైద్య కమిషన్ జుట్టు నాటే చికిత్సల సందర్భంగా స్పష్టం చేసింది. తెలంగాణలో 2024 నుంచి వైద్య మండలి అర్హత లేనివారిపై తనిఖీలు జరిపి కేసులు పెట్టించింది. ఆ తనిఖీలు ప్రధానంగా వీధి క్లినిక్‌లపై సాగాయి. అద్దాల తలుపుల సౌందర్య కేంద్రాలకు అంతే చురుకుతో విస్తరించవలసి ఉన్నది.

ఈలోగా బడ్జ్ బడ్జ్ గృహిణి చేయగలిగినది కొంత లేకపోలేదు. సీసాను తన ఎదుటనే తెరవమని అడగవచ్చు. పెట్టెపై కంపెనీ పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ చూసి, ఆ బ్యాచి నంబరును బిల్లుపై రాయించుకోవచ్చు. సూది పట్టినవారి వైద్య మండలి నమోదు సంఖ్య అడగవచ్చు. సూది వేసిన గంటలలో గానీ, కొన్ని వారాలలోపు గానీ మింగడం కష్టమైనా, మాట ముద్దయినా, ఊపిరి అందకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవలసినదేనని, ఈ మందు ప్రభావం దూరపు కండరాలకు పాకవచ్చునని అమెరికా ఔషధ సంస్థ 2009 నుంచి పెట్టెలోని కాగితంపై హెచ్చరిక ముద్రింపజేస్తున్నది. ఆ కాగితం సాధారణంగా ఇంగ్లీషులోనే ఉంటుంది.