ముసుగు వస్తాదు చేతిలో సూది

దారాసింగ్, కింగ్‌కాంగ్‌ల కుస్తీ అంటే పనులు మానుకుని పరుగెత్తిన తరం మనలో ఇంకా ఉంది కదండీ! ఈ వారం మీకు ఇంకో వస్తాదుని పరిచయం చేస్తాను. ఈయన కథ వింటే మన సినీ రచయితలు వెంటనే కాగితం, కలం తీస్తారు.

పేరు జాన్ బొనికా. 1917లో ఇటలీకి చెందిన ఫిలికుడి అనే చిన్న దీవిలో పుట్టాడు. చిన్నతనంలోనే అమెరికా చేరాడు. డాక్టరు కావాలని కోరిక. చేతిలో డబ్బు లేదు, ఒంట్లో కండ ఉంది. ఇంకేం, గోదాలోకి దిగాడు! కుస్తీ పట్టిన డబ్బుతో మెడికల్ కాలేజీ చదువు పూర్తిచేశాడు. డాక్టరై సైన్యంలో చేరాక కూడా గోదా వదల్లేదు. తనెవరో తెలియకుండా మొహానికి ముసుగు వేసుకునేవాడు. పగలు మత్తు డాక్టరు, రాత్రి ముసుగు వీరుడు. డబుల్ యాక్షన్ అంటే ఇదీ!

1944లో ఆయన్ని వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక పెద్ద సైనిక ఆస్పత్రికి పంపారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు గాయాలు మానాయి గానీ నొప్పి మానలేదు. అప్పుడాయన పట్టుకున్న ఆయుధమే ‘నెర్వ్ బ్లాక్’. నొప్పి కబురు మోసే నరం పక్కన మత్తుమందు ఇస్తే, కాసేపు ఆ కబురు మెదడుకి చేరదు. సూత్రం అంతే.

ఇంతకీ ఈ గొడవంతా నాకెందుకంటారా? నాకు తెలిసిన ఫైటరు ఒకాయన ఉన్నాడు. పేరెందుకు లెండి. హీరోల బదులు మేడల మీంచి దూకీ దూకీ నడుం పోగొట్టుకున్నాడు. నడుం దగ్గర మొదలై కాలి వేళ్లదాకా మంటలా లాగే నొప్పి. ‘‘సూది వేయించుకుని వచ్చెయ్, ఎల్లుండే క్లైమాక్సు’’ అన్నారట కంపెనీవాళ్లు. ‘‘ఒక్క సూదితో అయిపోతుందా అన్నా?’’ అని నన్నడిగాడు.

అయిపోదు తమ్ముడూ, అన్నాను.

ఆ సూదిలో మత్తుమందు పని కొద్ది గంటలే. దాంతోపాటు స్టెరాయిడ్ కలిపితే నరం చుట్టూ వాపు తగ్గి, కొందరికి కొన్ని వారాలు, ఇంకొందరికి కొన్ని నెలలు సుఖం. అసలు గుణం కనిపించనివాళ్లూ ఉన్నారు. కొన్నిసార్లు సూది వేసేది వైద్యానికి కాదు, ఆచూకీ తీయడానికి. పాట రికార్డింగులో గరగరమంటుంటే ఒక్కో మైకూ కట్టేసి చూస్తారే, అలాగన్నమాట. ఫలానా నరాన్ని మొద్దుబారిస్తే నొప్పి పోయిందంటే, దొంగ దొరికినట్టే. క్లోమం కేన్సరులాంటి బాధల్లో మాత్రం నరాల గుంపు దగ్గర ఆల్కహాలు ఎక్కించి ఎక్కువ కాలం ఉపశమనం ఇచ్చే పద్ధతీ ఉంది.

మా ఫైటరుకి డాక్టరు ఎక్స్‌రే తెర మీద సూది మొనని చూసుకుంటూ మందు ఇచ్చాడు. నొప్పి సగానికి సగం దిగింది. ‘‘ఇప్పుడు దూకావో, మళ్లీ నా దగ్గరికే వస్తావు. ఈ నాలుగు వారాలూ నడుం కండలకి వ్యాయామం చెయ్’’ అన్నాడట. క్లైమాక్సు పోయింది, దాంతో ఆ రోజుల కూలీ పోయింది. ఇంట్లో మాటలూ పడ్డాడు. కానీ ఇవాళ కర్ర లేకుండా బజారుకి వెళ్లి వస్తున్నాడు.

బొనికా నేర్చుకున్నదీ అదే. సూది ఒక్కటే చాలదు, డాక్టరు ఒక్కడే చాలడు. నరాల వైద్యుడు, మనసు వైద్యుడు, వ్యాయామం చేయించేవాడు, అందరూ కలిసి కూర్చుని ఒక రోగిని చూడాలన్నాడు. 1953లో నొప్పి మీద పెద్ద గ్రంథం రాశాడు. తర్వాత సియాటిల్‌లో విశ్వవిద్యాలయం తరఫున అలాంటి నొప్పి క్లినిక్కునే నడిపాడు. గోదాలో విరిగిన ఒళ్లు ఆయన్నీ వదల్లేదు. ఎన్నో ఆపరేషన్లు, జీవితాంతం నొప్పులు. నొప్పి డాక్టరే నొప్పి రోగి! 1994లో కన్నుమూశాడు.

కాబట్టి సూదంటే భయపడకండి, సూదే దేవుడనీ అనుకోకండి. షుగరు ఉంటే ముందే చెప్పండి, స్టెరాయిడ్‌తో అది కొన్నాళ్లు పెరగొచ్చు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే అదీ దాచకండి. ఇన్‌ఫెక్షన్, రక్తస్రావం, నరం దెబ్బతినడం అరుదే గానీ అసలు లేవని కాదు. సూది వేయించుకున్న రోజు కాలు మొద్దుబారొచ్చు, స్కూటరు తోలకండి.

బల్ల ఎక్కే ముందు డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి: ఇది ఆచూకీకా, వైద్యానికా? ఎన్నాళ్లు పనిచేయొచ్చు? నొప్పి తగ్గిన ఆ రోజుల్లో నేనేం చెయ్యాలి? మూడో ప్రశ్నకి జవాబు రాకపోతే, ఇంకో డాక్టరుగారిని కూడా అడిగి చూడండి. తప్పేం లేదు.