పదో రోజు వరకు సంఘం ఉంది, ఆ తర్వాత?

అమెరికాలో ఫ్యునరల్ హోమ్‌లు అంత్యక్రియలు జరిపించి ఊరుకోవు. చాలాచోట్ల ఏడాది చివర పండగల ముందు, ఆ ఏడాది తమ చేతుల మీదుగా సాగనంపిన వారి కుటుంబాలను పిలుస్తాయి. దీపాలు వెలిగించి, పోయినవారి పేర్లు చదివిస్తాయి. అందులో వ్యాపారం ఉంది, కాదనలేం. అయినా చావు జరిగిన ఆరు నెలల తర్వాత ఒకరు తలుచుకుని పిలవడం చిన్న విషయం కాదు.

నాందేడ్‌లో అలాంటి సంస్థల అవసరం ఇంతవరకు పెద్దగా రాలేదు. పాడె కట్టడం నుంచి పదో రోజు వరకు కులసంఘం, వాడకట్టు చూసుకుంటాయి. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్‌లలోని తెలుగు ఇళ్లలోనూ అంతే. కబురు అందగానే పనులు మానుకుని వచ్చేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. చిక్కంతా ఆ తర్వాతే.

ముందు ఖర్చు సంగతి. ముస్లిం ఇళ్లలో చావు జరిగితే ఇరుగుపొరుగు వండి పంపడం సంప్రదాయం. సిక్కు కుటుంబాలు భోగ్ నాడు పాఠం ముగించి అందరితో కలిసి లంగర్‌లో కూర్చుంటాయి. మన దగ్గర మొదటి రోజుల్లో చుట్టాలే అన్నం తెచ్చినా, పెద్దకర్మ నాటికి బరువంతా ఇంటివాళ్ల మీదే పడుతుంది. సంపాదించే మనిషి పోయిన ఇల్లు అప్పు చేసి ఊరికి భోజనం పెడుతుంది. పెట్టకపోతే సంఘం ఏమంటుందోనన్న భయం. నిజానికి సాంఘిక బహిష్కరణను నేరంగా చేస్తూ మహారాష్ట్ర 2016లోనే చట్టం తెచ్చింది. మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కానీ వెలివేస్తామని ఎవరూ నోటితో అనరు కదా, ముఖం తిప్పుకుంటారు. దానికి కేసు ఉండదు.

అంతకన్నా పెద్ద విషయం పదో రోజు ఆ ఇంటి ఆడమనిషికి జరిగేది. అందరూ చూస్తుండగా గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి, మెట్టెలు తీయించడాన్ని ఓదార్పు అనగలమా? కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022 మే మొదటి వారంలో ఈ ఆచారాన్ని మానేయాలని తీర్మానించింది. అదే నెల 17న రాష్ట్ర ప్రభుత్వం మిగతా పంచాయతీలూ ఆ బాట పట్టాలని సర్క్యులర్ పంపింది. సర్క్యులర్ కాగితమే. పట్నంలో, అదీ కులసంఘం మాటే చెల్లే చోట, సంఘం పెద్దలే ముందుకు రావాలి. ఇంటి పెద్దావిడ ఒక్కరు వద్దని గట్టిగా అంటే అక్కడికక్కడ ఆగిపోయే తంతు ఇది.

ఏ పందిరీ పడని చావులూ ఉన్నాయి. 2023 సెప్టెంబరు 30, అక్టోబరు 1 తేదీల మధ్య నాందేడ్‌లోని శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ ఆసుపత్రిలో 24 గంటల్లో 24 మంది చనిపోయారని దేశమంతా చదివింది. వారిలో సగం వరకు పసికందులే. పసిబిడ్డను పూడ్చి వస్తారు. కర్మ లేదు, పదో రోజు లేదు, పిలుపు లేదు. ఆ తల్లిని మాత్రం 'మళ్లీ పుడతారులే' అని సముదాయిస్తారు. ఆమె కోసం సంఘం ఒక్క పూట కూర్చోవడానికి ఏ శాస్త్రం అడ్డొస్తుంది?

ఇక కాగితాల పని. తెలుగు కుటుంబాలకు ఇది మరీ కష్టం, ఫారాలన్నీ మరాఠీలోనే ఉంటాయి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయిస్తే రుసుము ఉండదు, ఆలస్యమైతే తిరుగుడు మొదలవుతుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న ఇంట్లో సంపాదించే మనిషి 18 నుంచి 59 ఏళ్ల మధ్య చనిపోతే కేంద్ర పథకం కింద రూ. 20,000 వస్తుంది. అర్హత ఉన్న భర్త పోయిన మహిళకు సంజయ్ గాంధీ నిరాధార్ పథకం ఉంది, 2023లో దాన్ని నెలకు రూ. 1,500 చేశారు. అన్నింటికీ మరణ ధ్రువపత్రం కావాలి, తహసీల్ కార్యాలయం చుట్టూ తిరగాలి.

పదో రోజు పందిట్లో మరాఠీ రాయగల కుర్రాళ్లు పదిమంది ఉంటారు. వాళ్లలో ఇద్దరు ఓ మూల బల్ల వేసుకుని ఫారాలు నింపితే చాలు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు అక్కడే తీసిపెట్టవచ్చు. అప్పటికి నమోదు గడువులో ఇంకా పదకొండు రోజులు మిగిలే ఉంటాయి.