తొమ్మిదో తరగతికి ఆటలెందుకు?



జూన్‌లో బడి తెరవగానే నాకు ఎదురయ్యే మాట ఒకటుంది. "సార్, మా పిల్లగాడు తొమ్మిదిలకు వచ్చిండు. డాక్టర్ చెయ్యాలనుకుంటున్నం. ఇగ ఆటలు బంద్ పెట్టుండ్రి." ఏర్గట్లలో పసుపు, మక్క పండించి ఫీజు కట్టే తండ్రి ఆ మాటంటే నేను తేలిగ్గా తీసుకోలేను. ఆయన భయం నిజమైనదే.

అయినా వారికి డాక్టర్ ఎం.వి. శ్రీధర్ గురించి చెబుతాను. 1966లో విజయవాడలో పుట్టి, హైదరాబాద్‌కు ఆడిన ఈ బ్యాట్స్‌మన్ ఎంబీబీఎస్ డాక్టర్. 1993-94 రంజీ సీజన్‌లో సికింద్రాబాద్ జింఖానాలో ఆంధ్ర జట్టుపై ఒక్కరే 366 పరుగులు చేశారు. ఆ ఇన్నింగ్స్‌లో హైదరాబాద్ 6 వికెట్లకు 944 కొట్టింది. రంజీలో అంత స్కోరు ఇప్పటికీ మరొకటి లేదు. (చిత్రమేమంటే, 2024లో మన హైదరాబాద్ కుర్రాడు తన్మయ్ అగర్వాల్ కూడా సరిగ్గా 366 దగ్గరే ఆగాడు.) శ్రీధర్ మొత్తం 97 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 21 సెంచరీలు చేశారు. తర్వాత బీసీసీఐలో క్రికెట్ వ్యవహారాల జనరల్ మేనేజర్‌గా పనిచేశారు. 2017లో 51 ఏళ్లకే గుండెపోటుతో పోయారు.

"ఇండియాకు ఆడిండా సార్?" అని అడుగుతారు. ఆడలేదు. నాకు ఆయన నచ్చేది అందుకే. వైద్యులైన అమ్మానాన్నల కొడుకు వి.వి.ఎస్. లక్ష్మణ్ మెడిసిన్ కాదని క్రికెట్ ఎంచుకున్నారు, గెలిచారు. అది లక్షల్లో ఒకరి కథ. శ్రీధర్ రెండూ పట్టుకున్నారు. గంటల తరబడి ఎండలో నిలబడి ఒక్కో బంతినీ చూసి ఆడే ఓపిక, అనాటమీ పుస్తకం ముందు కూర్చునే ఓపిక వేరువేరని నేను అనుకోను.

అప్పటి పోటీ వేరు, ఇప్పటి నీట్ వేరు అంటారా? ఒప్పుకుంటాను. నేను రంజీ అడగడం లేదు. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి నలభై నిమిషాలు. తప్పు మీ ఒక్కరిదే కాదు. స్లిప్ టెస్టు మిగిలిపోతే ముందుగా పోయేది మా గ్రౌండ్ పీరియడే. స్టాఫ్‌రూమ్‌లో ఈ మాటంటే నవ్వుతారు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మార్కులతో పాటు ఇంకొకటి కూడా అడగండి: ఈ నెల మా పిల్లలు గ్రౌండ్‌కు ఎన్నిసార్లు వెళ్లారు? మీరు అడిగితే ప్రిన్సిపాల్ గారు వింటారు. నేను అడిగి చూశాను.

– మీ పీఈటీ సార్, ఏర్గట్ల బ్రాంచి