కూలికి ఎదురుకట్నం

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో, ఒకే వారంలో, ఇద్దరు విద్యార్థులు నా దగ్గరికి ఒకే రకం కాగితం పట్టుకువచ్చారు. ఐరోపాలో ఒక సంస్థలో వేసవి ఎనిమిది వారాలు పనిచేయడానికి అధ్యాపకుని సిఫారసు కావాలట. దాన్ని ఇంటర్న్‌షిప్ అంటారు. దాని ప్రకటన మా కాలేజీ నోటీసుబోర్డు మీద నేనూ చూశాను: మంచుకొండ, సరస్సు, నవ్వుతున్న నాలుగు ముఖాలు. అడుగున చిన్న అక్షరాల్లో వున్నది మాత్రం చదవలేదు. ఇద్దరికీ మంచి ఉత్తరాలు రాసిచ్చాను. నిజం చెప్పాలంటే అమ్మాయికి రాసిన ఉత్తరమే బలంగా వుంది; క్లాసులో మొదటి మార్కు ఆమెదే.

చిన్న అక్షరాల్లో వున్న సంగతి తరవాత ఆ అమ్మాయే నాకు చదివి వినిపించింది. జీతం లేదు. విమానం చార్జీ, వీసా, బీమా, బస, భోజనం అన్నీ విద్యార్థివే. ఆ చోటు చూపించినందుకు మధ్యనున్న ఏజెన్సీకి వేరే రుసుము. అన్నీ కలిపితే మూడున్నర లక్షలు. “మాస్టారూ, పని నేను చేస్తాను గదా, డబ్బు నేనే ఎందుకివ్వాలి?” అని అడిగింది. నేను పదేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

అబ్బాయి వెళ్ళాడు. అతని తండ్రికి ఎరువుల కొట్టు వుంది. అమ్మాయి వెళ్ళలేదు. ఆమె తండ్రి రెండెకరాల కౌలు రైతు. ఆ వేసవిలో ఆమె మా వూరి దగ్గర ధాన్యం కొనుగోలు కేంద్రంలో కాటా దగ్గర కూర్చుని, దాళ్వా బస్తాల లెక్కలు రాసి, రోజుకూలి తెచ్చుకుంది. ఇప్పుడు ఇద్దరూ ఉద్యోగాలకు దరఖాస్తులు పెడుతున్నారు. దరఖాస్తులో “అంతర్జాతీయ అనుభవం” అని ఒక గడి వుంది. అబ్బాయి గడి నిండింది. ధాన్యం కాటాకు అందులో గడి లేదు.

నేను చెప్పదలచినది ఇంతే: ప్రతిభకు బహుమానమని మనం నోటీసుబోర్డులకు ఎక్కిస్తున్న ఈ వేసవి పని, నిజానికి తండ్రి ఆస్తిని పిల్లవాడి యోగ్యతగా మార్చే యంత్రం. దాన్ని తిప్పే చేతుల్లో మన అధ్యాపకుల చేతులు కూడా వున్నాయి.

మన దేశంలో కట్నం వుంది, కొన్నిచోట్ల ఎదురుకట్నమూ వుంది. గురజాడ వారి నాటకంలో పిల్లతండ్రి శుల్కం పుచ్చుకుని పిల్లను అమ్మాడు. అది దుర్మార్గమే, కాని అమ్మినవాడికి డబ్బు ముట్టింది. ఈ కొత్త శుల్కంలో శ్రమ ఇచ్చేవాడే డబ్బు కూడా ఇస్తాడు. కూలి పుచ్చుకోవలసినవాడు కూలికి ఎదురుకట్నం చెల్లిస్తాడు. సెలవుల్లో వెంకటేశానికి చదువు చెబుతానని అగ్రహారానికి తరలివెళ్ళిన గిరీశం తిండి మాత్రం వెంకటేశం ఇంట్లోనే తిన్నాడు. నేటి గిరీశాలు అంతమాత్రానికి తృప్తిపడరు. ముందుగా రుసుము వసూలు చేసి రసీదు కూడా ఇస్తారు.

ఇదేదో మా కాలేజీకి అంటిన జాడ్యమనుకోకండి. లోకంలో అన్నిటికన్నా పెద్ద పేరున్న ఇంటినే చూడండి. 1948 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన చేసింది. పనిచేసే ప్రతి మనిషికీ తానూ తన కుటుంబమూ గౌరవంగా బతకడానికి చాలిన ప్రతిఫలం పొందే హక్కు వున్నదని దాని 23వ అధికరణం అంటుంది. ఆ ప్రకటనను గోడకు కట్టిన సమితి సచివాలయంలోనే ఇంటర్న్‌కు జీతం లేదు. దారిఖర్చు, బస, బీమా అతనివే. 2015 ఆగస్టులో డేవిడ్ హైడ్ అనే 22 ఏళ్ళ న్యూజిలాండ్ యువకుడు జెనీవాలో సమితి ఇంటర్న్‌గా వుంటూ సరస్సు ఒడ్డున గుడారం వేసుకున్నాడు. పత్రికలు గోలపెట్టాయి. అతను ఇంటర్న్‌షిప్ వదులుకున్నాడు. ఈ అన్యాయాన్ని లోకం కళ్ళకు కట్టించాలని తాను కావాలనే ఆ పని చేశానని అతనే తరవాత చెప్పాడు. అది విని “చూశారా, నాటకం!” అన్నవాళ్ళున్నారు. గుడారం నాటకమే కావచ్చు; జీతం లేకపోవడం నాటకం కాదు గదా! అదే జెనీవాలో 2020 సెప్టెంబరులో ప్రజలు ఓట్లు వేసి గంటకు 23 ఫ్రాంకుల కనీస వేతనం నిర్ణయించుకున్నారు. అంటే ఆ నగరంలో బతకడానికి ఎంత కావాలో ఆ నగరవాసులకు తెలుసు.

జీతం ఇచ్చినచోట అంతా సవ్యంగా వుందా అంటే అదీ లేదు. అమెరికాలో విదేశీ విద్యార్థులు వేసవిలో పనిచేసుకుంటూ దేశం చూడడానికి జె-1 వీసా కింద ఒక పథకం వుంది. సాంస్కృతిక వినిమయం దాని ఆశయమని 1961 నాటి చట్టం పేరు చెబుతారు. 2011 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రం పామైరాలో, హెర్షీ చాక్లెట్లను పెట్టెల్లో సర్దే గోదాములో వందలాది విద్యార్థులు పని ఆపి బయటికి వచ్చారు. చైనా, టర్కీ, ఉక్రెయిన్ వంటి దేశాల పిల్లలు వాళ్ళు. రావడానికి ఒక్కొక్కరు మూడువేల నుండి ఆరువేల డాలర్ల దాకా ఖర్చుపెట్టుకున్నారు. రాత్రి షిఫ్టుల్లో బరువైన పెట్టెలు ఎత్తారు. అద్దె, ఇతర కోతలు పోగా చేతికొచ్చిన జీతం పెట్టిన ఖర్చుకు కూడా సరిపోలేదు. గోదాము నడిపేది కాంట్రాక్టరు. పిల్లలను తెచ్చింది మరొక సంస్థ. పనిలో పెట్టింది ఇంకొక సంస్థ. ఎవర్నడిగినా పక్కవాడిని చూపించారు. ఆ సమ్మె ఫలితంగా 2012లో అమెరికా ప్రభుత్వం ఫ్యాక్టరీ పనులనూ గోదాము పనులనూ ఆ పథకంలోనుండి తీసివేయవలసి వచ్చింది. విద్యార్థులు సంస్కృతి నేర్చుకోవడానికి వెళ్ళి సమ్మె నేర్చుకున్నారు. ఆ పథకంవల్ల జరిగిన నిజమైన విద్య అదొక్కటే అనిపిస్తుంది నాకు.

ఇక ప్రతివాదులు చెప్పే మాటలు చూద్దాం. నా సహోద్యోగులలో యోగ్యులైనవారే ఈ మాటలు అంటారు గనుక కొట్టిపారేయడానికి వీల్లేదు.

“ఇది ఉద్యోగం కాదు, శిక్షణ” అంటారు. సరే, ఒక పరీక్ష పెడదాం. ఆ కుర్రవాడు వారంరోజులు రాకపోతే అక్కడ ఏదైనా పని ఆగుతుందా? ఆగితే అతను చేసేది శ్రమ. దానికి కూలి ఇవ్వాలి. ఆగకపోతే అతనికి అక్కడ నేర్పుతున్నదేమీ లేదు. రుసుము వాపసు ఇవ్వాలి. మా అబ్బాయి తిరిగివచ్చి నిజాయితీగా చెప్పాడు: “సభలకు కుర్చీలు వేయించాను మాస్టారూ, చిరునామాలు టైపు చేశాను.” మన వూళ్ళలో కంసాలి, వడ్రంగి, సాలె కూడా శిష్యులకు పని నేర్పేవారు. శిష్యుడిచేత చాకిరీ చేయించుకుంటే అన్నమైనా పెట్టేవారు. మన 1961 అప్రెంటిస్ చట్టం కూడా నేర్చుకునేవాడికి భత్యం ఇవ్వాలన్నది. పల్లెటూరి కొలిమి దగ్గరున్న నీతి అంతర్జాతీయ కార్యాలయాలకు లేకుండా పోయింది.

“ఎవరూ బలవంతపెట్టలేదు గదా” అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి డిగ్రీ చదువులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి భాగమైంది. తప్పనిసరి చేసినవాళ్ళు ఎక్కడ చేయాలో, ఎవరి డబ్బుతో చేయాలో తేల్చలేదు. ప్రభుత్వం ఖాళీగా వదిలినచోట ఏజెన్సీ బల్ల వేసుకుని కూర్చుంది. వూళ్ళో దొరికే ఇంటర్న్‌షిప్ సంతకం కోసమే చేసేదని పిల్లలందరికీ తెలుసు; విలువైనది విదేశంలో వున్నదని వాళ్ళ చెవిలో రోజూ ఊదుతున్నారు. తెలంగాణలో వెట్టి వున్నకాలంలో దొర మనిషిని పంపించి పిలిపించేవాడు. ఇది వెట్టి అని నేననను. వెట్టి చేసినవాళ్ళ కష్టాన్ని అలా చిన్నబుచ్చకూడదు. కాని పిలుపు లేకుండానే, తన డబ్బు తానే పెట్టుకుని, ఉచితంగా చాకిరీ చేయడానికి వరసలో నిలబడే మనిషిని తయారుచేయడం ఏ దొరకూ చేతకాలేదు. ఈ వ్యవస్థకు అది చేతనయింది.

“సంస్థలకు నిధులు లేవు” అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చాలాకాలం ఈ మాటే అన్నది. ఇంటర్న్‌లు ఊరుకోలేదు. 2017 ఫిబ్రవరిలో జెనీవాలో వీధిలోకి వచ్చారు. 2018లో ప్రపంచ ఆరోగ్య మహాసభ తీర్మానం చేసింది. 2020 నుండి భత్యం ఇస్తున్నారు. ఇంటర్న్‌లలో సగంమందైనా వర్ధమాన దేశాలవారు వుండాలని లక్ష్యం కూడా పెట్టుకున్నారు. ఆకాశం విరిగి మీద పడలేదు. జర్మనీ ‘డాడ్’ సంస్థవారి ‘వైజ్’ పథకం, కెనడా మైటాక్స్ సంస్థవారి ‘గ్లోబలింక్’ పథకం మన విద్యార్థులకు భత్యం ఇచ్చి వేసవిలో ప్రయోగశాలల్లో చేర్చుకుంటూ వచ్చాయి. అయితే వాటి తలుపులు ముఖ్యంగా సైన్సు, ఇంజనీరింగు చదివినవాళ్ళకు, అందులోనూ పేరున్న సంస్థలవాళ్ళకు తెరుచుకుంటాయి. మండల కేంద్రంలో డిగ్రీ చదివే పిల్లకు ఆ పేర్లయినా తెలియవు. నిధులుండవని కాదు, ఆ పిల్లదాకా రావు.

చివరికి అన్నిటికన్నా పదునైన మాట ఒకటి వుంది: “అయితే మీరు పిల్లల్ని పొలిమేర దాటవద్దంటారా? అభ్యుదయవాదులు గదా, కూపస్థ మండూకాలను తయారుచేస్తారా?” లేదు. లోకం చూడనివాడు తన వూరినీ సరిగా చూడలేడు. మన అభ్యుదయ రచయితల ఉద్యమమే ఒకవిధంగా విదేశంలో పుట్టింది. 1930ల మధ్య లండనులో చదువుకుంటున్న సజ్జాద్ జహీర్, ముల్క్‌రాజ్ ఆనంద్ మొదలైనవారు అక్కడ కూర్చుని ప్రణాళిక రాసుకున్నారు. 1936లో లక్నోలో సంఘం ఏర్పడింది. 1943లో తెనాలిలో మన తెలుగు శాఖ నిలబడింది. దీనికి నేను గర్విస్తాను. కాని ఒక ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలి. సజ్జాద్ జహీర్ తండ్రి పెద్ద న్యాయమూర్తి. ఆ లండను బల్ల దగ్గర కౌలు రైతు కూతురు ఎందుకు లేదు? ఆ రోజుల్లో వుండడానికి వీలే లేదు. ఎనభై తొంభై ఏళ్ళు గడిచాయి. ఈనాటికీ లేకపోతే తప్పు ఎవరిది? వెళ్ళినవాళ్ళు వెళ్ళడం తప్పు కాదు, మిగిలినవాళ్ళు వెళ్ళలేకపోవడం తప్పు. నేను వ్యతిరేకించేది ప్రయాణాన్ని కాదు, టిక్కెట్టు ధరనే యోగ్యత అనడాన్ని.

నష్టం వెళ్ళలేనివాళ్ళకే పరిమితం కాదు. వెళ్ళినవాడు కూడా ఒక పాఠం నేర్చుకుని వస్తాడు: పనికి జీతం అడగడం మర్యాద కాదని. రేపు అతను ఒక ఆఫీసుకు అధికారి అవుతాడు. తన కింద పనిచేసే కుర్రవాడు జీతం మాటెత్తితే, “నీకు అనుభవం వస్తోంది గదా” అంటాడు. దోపిడీ తరంనుండి తరానికి సాగేది ఇలాగే: సర్టిఫికెట్లమీద, నవ్వుతున్న ఫొటోలతో.

అంచేత నా ప్రతిపాదనలు మూడు. విద్యార్థి ఎదురు డబ్బిచ్చి చేసే పనికి ఏ విశ్వవిద్యాలయమూ మార్కులు వేయకూడదు. మార్కులు ఆగితే ఏజెన్సీల వ్యాపారం ఆగుతుంది. విదేశంలో డిగ్రీ చదవడానికి తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి వంటి పథకాలున్నట్టే, వేసవి శిక్షణకు కూడా రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ నిధి కేటాయించాలి. దాన్ని పేద విద్యార్థులకు, ముందుగా గ్రామీణ ప్రభుత్వ కళాశాలల పిల్లలకు ఇవ్వాలి. మూడవది మన చేతిలోనే వుంది. సిఫారసు ఉత్తరం అడిగిన ప్రతిసారీ అధ్యాపకుడు “జీతమెంత?” అని అడగాలి. లేదంటే ఆ సంస్థకే ఉత్తరం రాయాలి: మా విద్యార్థి యోగ్యురాలు, కనుకనే ఉచితంగా పంపము అని.

విద్యార్థి సంఘాల మిత్రులు నోటీసుబోర్డుల దగ్గర నిలబడి ఆ చిన్న అక్షరాలను పెద్ద గొంతుతో చదవండి. అధ్యాపక సంఘాలు తమ తీర్మానాల్లో డి.ఏ. బకాయిల పక్కన ఈ సంగతికి కూడా ఒక వాక్యం చోటివ్వండి. ఈ ఫిబ్రవరిలోనూ నా దగ్గరికి ఆ కాగితాలు వచ్చాయి. ఈసారి అడుగునుండి పైకి చదివాను. సంతకం పెట్టలేదు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్ననే ఒక తెల్లకాగితం మీద రాసి ఏజెన్సీకి పంపాను. జవాబు రాలేదు. వచ్చేదాకా మనమంతా కలిసి అడుగుదాం.