కంపెనీ మార్చేముందు మీ లెన్సు సంగతి చూడండి
గుంటూరు పక్క ఉప్పలపాడు చెరువు గట్టు మీద మొన్న ఆదివారం ఒక కుర్రాడు అడిగాడు: "మాస్టారూ, నా కానన్ సామానంతా అమ్మేసి నికాన్ కొనేద్దామనుకుంటున్నా. ఏమంటారు?"

వద్దన్నాను. నేను ఆ పని చేసినవాణ్ణి.

2023లో నా కానన్ 7డి మార్క్ 2నీ, 100-400 రెండో తరం లెన్సునీ సగం ధరకే వదిలేశాను. ఎగిరే పిట్ట కన్ను మీద ఫోకస్‌ని తనంతట తానే నిలబెట్టే మిర్రర్‌లెస్ కెమెరా కావాలనిపించింది. ఆ కోరికలో తప్పులేదు. గూడబాతు రెక్క చివర స్పష్టంగా వచ్చి, కన్ను మసకబారిన ఫొటోలు నా దగ్గర కొల్లలు. కానీ అందుకు కంపెనీయే మారనక్కర్లేదు.

కానన్ పాత ఈఎఫ్ మౌంటులో లెన్సు బిగించే అంచు నుంచి సెన్సరుకి 44 మిల్లీమీటర్లు. 2018లో మిర్రర్‌లెస్ కెమెరాలతో వచ్చిన ఆర్ఎఫ్‌ మౌంటులో 20. మిగిలిన 24 మిల్లీమీటర్లలో అడాప్టరు ఇమిడిపోతుంది. అందులో గాజు లేదు, వెలుతురు తగ్గదు, ఆటోఫోకస్ పోదు. 1987లో కానన్ అంతకుముందరి ఎఫ్‌డీ మౌంటు నుంచి ఈఎఫ్‌కి మారినవాళ్లకి ఈ అదృష్టం లేదు. ఎఫ్‌డీ దూరం 42. అడాప్టరు పెట్టడానికి చోటేది? నికాన్ వాళ్లకీ ఇప్పుడు దారి ఉంది: పాత ఎఫ్ 46.5, కొత్త జెడ్ 16. కాకపోతే సొంత మోటారు లేని పాత లెన్సులకి నికాన్ అడాప్టరు మీద ఆటోఫోకస్ రాదు, అది చూసుకోవాలి.

డబ్బు కంటే నన్ను బాధపెట్టింది చేతి అలవాటు. కానన్ జూమ్ రింగు ఒకవైపు తిరిగితే నికాన్‌ది రెండోవైపు తిరుగుతుంది. తుమ్మచెట్టు మీద గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చింది. నా ఎడమచెయ్యి పాత వాటం ప్రకారం తిప్పింది. నా కొత్త నికాన్ లెన్సులో 600కి వెళ్లాల్సిన జూమ్ 180కి వచ్చేసింది. సర్దుకునేలోగా పిల్ల మేత తినేసి తల బయటికి తీసింది. ఆ చలికాలంలో సగం ఇలాగే పోయింది.

మీకు కావలసిన లెన్సు మీ కంపెనీలో మీ ధరకి దొరకకపోతే మారండి, తప్పదు. అప్పుడైనా పాతది అమ్మకముందే కొత్తది అద్దెకు తెచ్చుకుని రెండు ఆదివారాలు వాడి చూడండి.

కుర్రాడి సంచిలో ఉన్నది ఈఎఫ్ 400 ఎఫ్5.6. 1993 నాటి లెన్సు, కిలోంబావు బరువు, ఎగిరే పిట్టలకి చక్కగా సరిపోతుంది. దానికి లేనిదల్లా చేతి వణుకుని అదుపు చేసే ఏర్పాటు. కానన్ ఆర్7 లాంటి మిర్రర్‌లెస్ బాడీలో అది సెన్సరు దగ్గరే ఉంటుంది.

"దీన్ని మాత్రం అమ్మకు అబ్బాయ్," అన్నాను. అప్పటికే ఒక గూడబాతు నీళ్ల మీదికి దిగుతోంది, వాడు కెమెరా ఎత్తాడు.